టెక్ సందేహాలు: ఏం వెతికినా ఇంకేదో సైట్‌కి పోతా ఉంది, ఫార్మాట్ కొట్టించాలా?

"అన్నా, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంట్లో విండోస్ 11 కంప్యూటర్ ఉంది. మా అబ్బాయి పీడీఎఫ్‌ని వర్డ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ ఏదో ఫ్రీగా దింపుకున్నాడు, అప్పట్నుంచి క్రోమ్‌లో ఏం కొట్టినా ఎప్పుడూ చూడని సెర్చ్ పేజీకి పోతా ఉంది. చుట్టాలకి 300 రూపాయల దర్శనం టికెట్లు చూద్దామంటే పైనంతా ఎవరెవరో ఏజెంట్ల సైట్లే. కింద మూలలో ఊరికే 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు' అని వస్తా ఉంది. క్రోమ్‌లో వచ్చి చేరిన తెలీని ఎక్స్‌టెన్షన్ తీసేస్తే పొద్దున్నకి మళ్ళీ వస్తాది. షాపులో ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నారు. పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి."

ఇప్పుడే ఫార్మాట్ వద్దన్నా. మీరు రాసింది చూస్తే ఒకటి కాదు, రెండు మూడు కలిసి ఉన్నాయి, మీరు ఆకులు తెంపతా ఉన్నారు, వేరు లోపలే ఉంది.

ముందు ఆ 5 వైరస్‌ల సంగతి. అది వైరసే కాదు. ఏదో సైట్ "మీరు రోబో కాదంటే అలో నొక్కండి" అని అడిగుంటాది, ఇంట్లో ఎవరో నొక్కుంటారు, అంతే, నోటిఫికేషన్ పంపడానికి మీరే పర్మిషన్ ఇచ్చేసినట్టు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాంట్లో సైట్ సెట్టింగ్స్, దాంట్లో నోటిఫికేషన్స్. అక్కడ అలో అయిన లిస్టులో తెలీని పేర్లన్నీ పీకేయండి, సగం గోల అక్కడే పోతాది. ఆ వార్నింగులో ఫోన్ నంబర్ ఏదైనా కనిపిస్తే మాత్రం దానికి ఫోన్ చేయొద్దు. మైక్రోసాఫ్ట్ అసలు వార్నింగుల్లో ఫోన్ నంబర్ ఉండదు, అవతలోడు ఎనీడెస్క్ (దూరం నుంచి మీ కంప్యూటర్‌ని నడిపించే యాప్) వేసుకోమని చెప్పి మీ బ్యాంకులోకే దూరతాడు.

ఇంక లోపలున్న ఆ వేరు సంగతి. చాలామంది బ్రౌజర్ దగ్గర మొదలుపెడతారు, అది తిరగేసిన పని, ప్రోగ్రామ్ లోపలుంటే బ్రౌజర్‌ని ఎన్నిసార్లు కడిగినా మళ్ళీ పూస్తాది. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కి పోయి తేదీ ప్రకారం సార్ట్ చేయండి. ఆ కన్వర్టర్ ఎక్కిన రోజే ఇంకేవైనా తెలీనివి ఎక్కినాయేమో చూడండి, ఇవి ఒంటరిగా రావు, మనం నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కేస్తా ఉంటే వెనకాల బంధువుల్ని కూడా దింపుతాయి. (నేను కూడా ఒకసారి అట్లే దింపుకున్నా, ఎవరికీ చెప్పలా.) వాటన్నిటినీ తీసేసి, విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి పోయి డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతాది కాబట్టి దాక్కునేవి కూడా దొరుకుతాయి, పావుగంట పట్టొచ్చు. తర్వాత ఇట్లాంటి చెత్త ప్రోగ్రామ్‌లని తుడిచే టూల్, మాల్‌వేర్‌బైట్స్ కంపెనీ వాళ్ళ యాడ్‌డబ్ల్యూక్లీనర్, ఫ్రీనే, వాళ్ళ సొంత సైట్ నుంచే దింపుకోండి. పాత వీడియోల్లో క్రోమ్ క్లీనప్ టూల్ అని చెప్తారు, 2023లోనే గూగుల్ తీసేసింది, దానికోసం వెతకొద్దు.

అప్పుడు క్రోమ్. ఎక్స్‌టెన్షన్ మళ్ళీ ఎందుకొస్తా ఉంది అంటే, ఒకటి సింక్. మీ గూగుల్ అకౌంట్‌లో అది కూడా సేవ్ అయ్యుంటే ఇక్కడ తీసినా అక్కణ్ణుంచి దిగొస్తాది, అందుకని సింక్ ఆపి తర్వాత తీయండి. రెండోది పాలసీ, అంటే ఆఫీసులు తమ కంప్యూటర్లలో క్రోమ్‌కి పెట్టే రూల్. మెనూ కింద "మీ సంస్థ మేనేజ్ చేస్తోంది" అని ఉంటే అనుమానించాలి, ఇంటి కంప్యూటర్‌కి సంస్థ ఎక్కడిదన్నా? కొన్ని యాంటీవైరస్‌లు కూడా అట్లా పెడతాయి, అందుకని రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులన్నీ ఉండే చోటు) చేయి పెట్టేముందు అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని ఇంగ్లీషులో కొట్టి ఏం పేర్లున్నాయో చూడండి. చివర్లో క్రోమ్‌లో రీసెట్ సెట్టింగ్స్ కొట్టండి, బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు. డెస్క్‌టాప్ మీది క్రోమ్ ఐకాన్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర ఏదైనా సైట్ అడ్రస్ అతికించుంటే అది కూడా చెరిపేయండి.

అదే వైఫై మీద ఫోన్‌లో కూడా ఇట్లే వేరే సైట్లకి పోతా ఉంటే తప్పు కంప్యూటర్‌ది కాదు, రౌటర్ డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సెట్టింగ్) చూడాలి.

పాస్‌వర్డ్‌లు ఈ కంప్యూటర్‌లో మార్చొద్దు, ఫోన్‌లో మార్చండి, జీమెయిల్‌లో తెలీని డివైజులన్నీ సైన్ అవుట్ చేయండి, దొంగిలించిన కుకీతో (మీరు లాగిన్ అయ్యున్నారని బ్రౌజర్ దాచుకునే గుర్తు) పాస్‌వర్డ్ లేకుండా కూడా లోపలికి రావొచ్చు. డబ్బులు పోయుంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, కంప్యూటర్ తర్వాత. దర్శనం టికెట్లకి సెర్చ్ చేయకండి, టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని నేరుగా కొట్టి బుక్‌మార్క్ పెట్టుకోండి.

ఫార్మాట్ ఎప్పుడంటే, క్రాక్ చేసిన గేమో, డబ్బులు కట్టకుండా విండోస్‌ని నడిపించే యాక్టివేటరో నడిపుంటే, డిఫెండర్ ఆన్ కాకుండా మొండికేస్తా ఉంటే. అప్పుడు కూడా ఫొటోలు మాత్రం బయటికి కాపీ చేసుకోండి, ఇన్‌స్టాలర్ ఫైళ్ళు వద్దు, విండోస్‌లోనే రీసెట్ దిస్ పీసీ ఉంది, షాపుకి పోనక్కర్లా.

"చిత్తూరులో జిరాక్స్ షాపుకి తీసుకుపోయొచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయి సార్."

మామూలుగా ఫైళ్ళు పోవమ్మా, దాక్కుంటాయి. ఆ షార్ట్‌కట్ మీద నొక్కొద్దు, నొక్కితేనే వైరస్ నడిచేది. డిఫెండర్‌తో స్కాన్ చేసి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి, ప్రొటెక్టెడ్ సిస్టమ్ ఫైల్స్ దాచమనే టిక్ తీసేయండి, మీ ఫైళ్ళు కనిపిస్తాయి, కాపీ చేసుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌ని మాత్రం నిక్షేపంగా ఫార్మాట్ కొట్టండి.