పళ్లెంలో నలభై చింతగింజలు

విజ్ఞాన శాస్త్రం: పాఠకుల ప్రశ్నలకు తిరుపతి నుంచి ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడి జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను ఏడో తరగతికి సైన్సు చెబుతాను. అంతరించిపోతున్న జీవుల పాఠానికి ఈసారి ట్యూనా చేపను తీసుకున్నాను. ఆటల ద్వారా చెప్పమని శిక్షణలో అన్నారు. మా తరగతిలో సముద్రం చూసినవాళ్లు నలుగురే. కంప్యూటర్ గదికి ఎప్పుడూ తాళమే. ఏ ఆట ఆడించను?
– ఒక ఉపాధ్యాయిని, పలమనేరు

జవాబు: అమ్మా, ఆ తాళం అలాగే ఉండనివ్వండి. మీకు కావలసినవి ఒక పళ్లెం, నలభై చింతగింజలు. పలమనేరులో చింతగింజలకు కరువు లేదు కదా.

ముందుగా ఆ చేపను పిల్లలకు చుట్టాన్ని చేయండి. ట్యూనాను మన తీరంలో సూర అంటారు. పిల్లలకు పేరు తెలిసిన వంజరం, కానాగంతలు దాని కుటుంబంలోవే. ఇంత చెబితే చాలు, ఆటలోకి దిగండి.

పిల్లలను నాలుగు జట్లు చేయండి. పళ్లెం సముద్రం, గింజలు చేపలు. ప్రతి వంతులో ఒక్కో జట్టు తనకు కావలసినన్ని గింజలు తీసుకోవచ్చు. మిగిలిన గింజలకు అన్నే గింజలు మీరు కలుపుతారు. పళ్లెంలో నలభైకి మించి పట్టవు. మరో మాట చెప్పకుండా వదిలేయండి.

జట్టుకు ఐదేసి తీసుకుంటే ఇరవై పోతాయి, ఇరవై మిగులుతాయి, మళ్లీ నలభై అవుతాయి. ఇలా సాయంత్రం గంట కొట్టేదాకా ఆడుకోవచ్చు. అదే జట్టుకు ఆరేసి అయితే మొదటి వంతు తరువాత పళ్లెంలో ముప్పై రెండు, రెండో వంతు తరువాత పదహారు. మూడో వంతులో ఆ పదహారూ ఊడ్చుకుపోతాయి. జట్టుకు దక్కినవి మొత్తం పదహారే. ఐదుతో సరిపెట్టుకున్నవాళ్లకు పది వంతుల్లో యాభై దక్కేవి. నేను చిత్తూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఏ తరగతీ మొదటిసారి ఐదు దగ్గర ఆగలేదు. పిల్లలనే అనకండి. అమెరికాలో డెన్నిస్ మెడోస్ అనే ఆచార్యుడు పెద్దల కోసం ‘ఫిష్ బ్యాంక్స్’ అనే ఆట తయారుచేశాడు. జట్లు చేపల కంపెనీలుగా విడిపోయి అందులో పడవలు కొంటాయి. లెక్కలు బాగా తెలిసిన పెద్దలు కూడా ఆ సముద్రాన్ని ఖాళీ చేసి లేస్తుంటారు.

అయితే ఇంతవరకు ఇది ఏ చేపకైనా సరిపోయే ఆట. ట్యూనా పాఠం రెండో ఆటతో మొదలవుతుంది. కొత్తగా కలిపే గింజలకు సున్నం బొట్టు పెట్టండి. బొట్టు గింజలను పట్టవచ్చు గానీ, నాలుగు వంతులు గడిచేదాకా వాటికి పిల్లలు పుట్టవు. గింజలను కళ్లు మూసుకుని తీయాలి. వలకు పెద్దదీ చిన్నదీ తెలియదు మరి. ఈసారి ఐదేసి తీసినా పళ్లెం దాదాపు నాలుగో వంతుకే ఖాళీ అవుతుంది. పిల్లలు మీ మీద తిరగబడతారు, ‘ఐదైతే చాలన్నారు కదా’ అని. అప్పుడు చెప్పండి: మొదటి ఆట స్కిప్‌జాక్ అనే చిన్న ట్యూనాది. అది ఏడాది, ఏడాదిన్నరకే గుడ్లు పెడుతుంది. రెండోది బ్లూఫిన్‌ది. మధ్యధరా సముద్రంలో గుడ్లు పెట్టే బ్లూఫిన్‌కు నాలుగేళ్లు రావాలి. దక్షిణ బ్లూఫిన్‌కు ఎనిమిదేళ్లు దాటాలి. రెండూ ట్యూనాలే. ఒకదానికి సరిపడిన లెక్క రెండోదాన్ని చంపేస్తుంది.

ఒక ఏడాది నా ఆట చెడిపోయింది. వంతు వంతుకూ నా లెక్కకు పళ్లెం రెండు మూడు గింజలు తక్కువ చూపించేది. చివరికి చూస్తే వెనక జట్టులోని ఒక బుద్ధిమంతుడి జేబు నిండా గింజలే! తిట్టబోయి ఆగాను. నేను చెప్పలేకపోయినది వాడు చేసి చూపించాడు. అట్లాంటిక్ ట్యూనా వేటకు హద్దులు పెట్టడానికి ఐక్యాట్ అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. తూర్పు అట్లాంటిక్, మధ్యధరాల్లో 2007లో బ్లూఫిన్ వేటకు అది ఇచ్చిన అనుమతి 29,500 టన్నులు. నిజంగా పట్టినది 61,000 టన్నుల దాకా ఉంటుందని ఆ సంస్థ శాస్త్రవేత్తలే అంచనా కట్టారు. సగానికి పైగా చేప ‘జేబు’లోకి పోయిందన్నమాట. తరువాత 2010కి కోటాను 13,500 టన్నులకు కోశారు, పడవల మీద నిఘా పెంచారు. చేప తిరిగి పెరిగింది.

కాబట్టి మీ పాఠం శీర్షిక కూడా కొంచెం దిద్దుకోవాలి. 2021 సెప్టెంబరులో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ, ఏ జీవికి ఎంత ముప్పు ఉందో చెప్పే తన ఎర్ర జాబితాలో అట్లాంటిక్ బ్లూఫిన్‌ను ‘ప్రమాదంలో ఉన్నవి’ అనే వరుస నుంచి తీసి, పెద్దగా ఆందోళన అక్కరలేని వరుసలో చేర్చింది. దక్షిణ బ్లూఫిన్ ఒక మెట్టు తేరుకున్నా ఇంకా ప్రమాదంలోనే ఉంది. ట్యూనా అంతరించిపోతోందని గోడపత్రికలు రాయించి పిల్లలను భయపెట్టకండి. ఏ ట్యూనా, ఏ సముద్రం అని అడగడం నేర్పండి.

ప్రశ్న: తాతయ్యా, ట్యూనా ఆగితే చచ్చిపోతుందా? నిజమేనా?
– ఆరో తరగతి విద్యార్థి, చంద్రగిరి

జవాబు: నిజమే నాయనా. మీ చెరువులో చేప నిలబడి కూడా మొప్పల మీదికి నీళ్లు తోసుకోగలదు. ట్యూనాకు ఆ చాకచక్యం లేదు. నోరు తెరిచి ఈదుతూ ఉంటేనే మొప్పల గుండా నీళ్లు పారతాయి. కబడ్డీలో కూత ఆపితే అవుటు. దీనికి పరుగు ఆపితే అవుటు.

ఇంకో వింత విను. చాలా చేపల ఒళ్లు చుట్టూ ఉన్న నీళ్లంత చల్లగా ఉంటుంది. ఈ పరుగు వల్ల ట్యూనా కండలు వేడెక్కుతాయి, ఆ వేడిని అది పోనివ్వదు. ఎలాగంటే, అలిపిరి మెట్ల మీద ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ పక్కపక్కనే నడుస్తారు కదా. దిగే ప్రతివాడూ తన శాలువాను ఎదురుగా ఎక్కేవాడికి కప్పేస్తే ఒక్క శాలువా కూడా అలిపిరికి చేరదు, అన్నీ కొండ మీదికే తిరిగిపోతాయి. ట్యూనా ఒంట్లో కండ నుంచి మొప్పలకు పోయే వేడి రక్తం, మొప్పల నుంచి కండకు వచ్చే చల్లని రక్తం సన్నని నాళాల్లో ఇలాగే ఒకదానినొకటి ఒరుసుకుంటూ పారతాయి. వేడి మొప్పల దాకా వెళ్లి నీళ్ల పాలు కాకుండా వెనక్కి మళ్లుతుంది. మీ స్నేహితులు ఇరవై మంది ఉంటే రెండు వరుసల్లో నిలబడి, శాలువాలకు బదులు తువ్వాళ్లతో ఆడి చూడండి.

ప్రశ్న: కొండ కింద కూర్చుని చేపల పాఠాలేమిటండీ? మన జిల్లాకూ ట్యూనాకూ సంబంధం ఏమిటి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మనకు సముద్రం కూడా వచ్చింది, తమరు గమనించినట్టు లేదు. శ్రీహరికోట మన జిల్లాలోదే. ఇక తినడం, తినకపోవడం ఎవరి ఇంటి సంగతి వారిది. వచ్చే శనివారం మనవరాలిని తీసుకుని తూపిలిపాలెం వెళుతున్నాను, పడవలవాళ్లను సూర గురించి అడగాలి. చింతగింజల సంచీ కూడా వెంట తీసుకువెళుతున్నాను. ఎక్కడ ఆగాలో వాళ్లకు తెలిసే ఉంటుందని నా నమ్మకం. ఓడిపోతే వచ్చే నెల ఇక్కడే ఒప్పుకుంటాను.