రెండు ‘కాదు’లను ఎప్పుడు కొట్టేయవచ్చు?

ప్రశ్న: బీసీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. డబుల్ నెగేషన్‌కి (‘కాదు’ మీద మరో ‘కాదు’) ట్రూత్ టేబుల్ తేలిగ్గానే వేస్తాను. కానీ ‘ఎవరూ రాలేదన్నది నిజం కాదు’ అన్న వాక్యానికి ‘అందరూ వచ్చారు’ అని రాస్తే మార్కులు పోయాయి. రెండు నెగేషన్లూ కొట్టేస్తే అదే కదండీ రావాలి?
– ఒక విద్యార్థిని, జయనగర్, బెంగళూరు

జవాబు: కొట్టేయడంలో తప్పు లేదు, మిగిలినదాన్ని చదవడంలో ఉంది. ‘ఎవరూ రాలేదు’ అన్నది ‘ఒక్కరైనా వచ్చారు’ అన్నదాన్ని కాదంటోంది. దాని మీద ‘నిజం కాదు’ పెడితే మళ్లీ ‘ఒక్కరైనా’ దగ్గరికే వస్తాం, ‘అందరూ’ దగ్గరికి కాదు. అంకెల్లో చూస్తే ఇంకా తేట. తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. ‘ఎవరూ రాలేదు’ అంటే హాజరు 0. అది నిజం కాకపోతే హాజరు 1 నుంచి 40 వరకు ఎంతైనా కావచ్చు. మీ జవాబు 40 ఒక్కదానికే సరిపోతుంది.

‘అందరూ వచ్చారు’ రావాలంటే అసలు వాక్యం ‘రానివాళ్లు ఎవరూ లేరు’ అని ఉండాలి. ఇక్కడా నెగేషన్లు రెండే. కానీ ‘రాని’ లోపల ఉంది, ‘లేరు’ బయట ఉంది, మధ్యలో ‘ఒకరైనా’ అడ్డం ఉంది. బయటి నెగేషన్ లోపలికి దాటేటప్పుడు ఆ ‘ఒకరైనా’ కాస్తా ‘అందరూ’ అవుతుంది. ఆ తర్వాతే రెండు నెగేషన్లూ పక్కపక్కకు చేరి పోతాయి.

పరీక్షలో ముందు నెగేషన్ ఏదీ లేని మూల వాక్యం రాసి, దానికి ‘ప’ అని పేరు పెట్టండి. తర్వాత ప్రతి ‘కాదు’, ‘లేదు’, ‘రాని’ ఎంతమేరకు వర్తిస్తుందో బ్రాకెట్ గీయండి. రెండింటి మధ్య ఏమీ లేకపోతేనే కొట్టేయండి. అందరూ–ఒకరైనా, మరియు–లేదా, తప్పనిసరి–వీలు లాంటి జంటలో ఒకటి మధ్యలో ఉంటే, నెగేషన్ దాటగానే అది జంటలోని రెండోదిగా మారుతుంది. ‘బస్సూ లేదు, మెట్రో కూడా లేదన్నది అబద్ధం’ అంటే రెండూ ఉన్నాయని కాదు, కనీసం ఒకటి ఉందని. ‘వెళ్లకుండా ఉండటానికి వీల్లేదు’ అంటే వెళ్లే వీలుందని కాదు, వెళ్లి తీరాలని.

ఇక ‘అందరూ రాలేదు’. దీనికి ఒక్కరూ రాలేదనీ, కొందరు రాలేదనీ రెండర్థాలూ వాడుకలో ఉన్నాయి. ప్రశ్నపత్రం రాసేవాళ్లు ఈ వాక్యం జోలికి పోకపోతే మేలు. పోతే మాత్రం, మీరు ఏ అర్థం తీసుకున్నారో మొదటి లైన్లోనే రాసేయండి.

ప్రశ్న: ‘మనం ఓడిపోలేదు’ అంటే ‘గెలిచాం’ అనే అంటాడు మా అబ్బాయి. కాదంటాను నేను. ఎవరిది సరి?
– ఒక పాఠకుడు, కోరమంగళ

జవాబు: మీదే. గెలుపు, ఓటమి ఒకదానికొకటి విరుద్ధాలే గానీ నెగేషన్లు కావు. చిన్నస్వామి స్టేడియంలో టెస్టు డ్రా అయితే ‘గెలిచాం’, ‘ఓడిపోయాం’ రెండూ అబద్ధమే. వేడి–చల్లన, ధనిక–పేద కూడా ఈ కోవవే.

ప్రశ్న: జావాస్క్రిప్ట్‌లో ఒక విలువ ముందు !! పెడితే అదే విలువ తిరిగి రావడం లేదు. డేటాబేస్‌లో ఒక షరతుకి వచ్చిన వరుసలూ, దానికి ‘నాట్’ పెడితే వచ్చిన వరుసలూ కలిపినా మొత్తం టేబుల్ రావడం లేదు. లాజిక్ సూత్రం ఇక్కడ పనిచేయదా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మారతహళ్లి

జవాబు: రెండింటికీ కారణాలు వేరు. జావాస్క్రిప్ట్‌లో సూత్రం వర్తించేది ట్రూ, ఫాల్స్‌లకే. మొదటి ! (‘కాదు’ గుర్తు) మీ విలువను ఆ రెండింట్లో ఒకటిగా మార్చేస్తుంది. అసలు విలువ అక్కడే పోతుంది, రెండో ! దాన్ని వెనక్కి తేలేదు. అందుకే 5 ఇస్తే ట్రూ వస్తుంది. 0, ఖాళీ స్ట్రింగ్, నల్ (విలువ లేదనే గుర్తు), అన్‌డిఫైన్డ్ ఇస్తే ఫాల్స్. దెబ్బ తగిలేది ఫారం దగ్గర. అక్కడి నుంచి వచ్చే సున్నా సాధారణంగా అంకె కాదు, "0" అనే స్ట్రింగ్. ఖాళీ కాదు కాబట్టి దానికి ట్రూ వస్తుంది. ముందు నంబర్‌గా మార్చి, ఆ తర్వాత పరీక్షించండి.

డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో ట్రూ, ఫాల్స్‌తో పాటు ‘అన్‌నోన్’ అనే మూడోది ఉంది. దానికి నాట్ పెట్టినా అన్‌నోనే, కాబట్టి రెండు నాట్‌లను కొట్టేయడం ఇక్కడా చెల్లుతుంది. చెల్లనిది ‘ప లేదా ప కాదు’ అన్న సూత్రం. నల్‌తో ఏది పోల్చినా అన్‌నోనే కాబట్టి, ఊరి గడిలో నల్ ఉన్న వరుస ‘ఊరు = బెంగళూరు’ అన్న షరతుకీ రాదు, దాని నాట్‌కీ రాదు. ‘ఈజ్ నల్’ షరతు కూడా కలపండి. ‘నాట్ ఇన్’ (ఈ జాబితాలో లేనివి) అన్న షరతులోని జాబితాలో ఒక్క నల్ దూరినా వరుస ఒక్కటీ రాదు. అక్కడ ‘నాట్ ఎగ్జిస్ట్స్’ (అలాంటి వరుస ఒక్కటీ లేదు) వాడండి. అన్ని సబ్జెక్టులూ పాసైనవాళ్లు కావాలంటే దాన్నే ఒకదానిలో ఒకటిగా రెండుసార్లు రాయాలి: పాస్ కాని సబ్జెక్టు ఒక్కటీ లేని విద్యార్థులు. పైన చెప్పిన ‘రానివాళ్లు ఎవరూ లేరు’ ఇదే. సబ్జెక్టుల టేబుల్ ఖాళీగా ఉంటే అందరూ పాసైనట్టే చూపిస్తుంది. అది బగ్ కాదు, లాజిక్కే.

ప్రశ్న: ‘ప కాదు’ అన్నది తప్పని తేలితే ‘ప’ నిజమైనట్టే కదా! దీన్ని ఒప్పుకోని గణితజ్ఞులున్నారట, నిజమేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజాజీనగర్

జవాబు: నిజమేనండి. ‘ప లేదా ప కాదు’ అన్న సూత్రాన్ని అనంత సమితుల విషయంలో నమ్మలేమని డచ్ గణితజ్ఞుడు బ్రౌవర్ 1908లో అన్నాడు. ఆయన శిష్యుడు హైటింగ్ 1930లో ఆ పద్ధతికి నియమాలు కూర్చాడు. వాళ్ల దృష్టిలో ఒకటి ఉందనాలంటే దాన్ని నిర్మించి చూపాలి. లేదనుకుంటే వైరుధ్యం వస్తుందని చూపితే చాలదు.

ఉదాహరణకు, కరణీయ సంఖ్యను (పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిదాన్ని) కరణీయ ఘాతానికి పెంచితే అకరణీయ సంఖ్య (అలా రాయగలిగేది) వచ్చే జంట ఉందా? √2ను √2 ఘాతానికి పెంచితే వచ్చేది అకరణీయమైతే జంట దొరికినట్టే. కాకపోతే దాన్నే మళ్లీ √2 ఘాతానికి పెంచండి, 2 వస్తుంది. జంట ఉందని తేలింది, ఏదో తేలలేదు. బ్రౌవర్ దీన్ని ఒప్పుకోడు. √2ను, ఆధారం 2కి 9 సంవర్గమానం ఎంతో అంత ఘాతానికి పెంచితే సూటిగా 3 వస్తుంది. దీనికి ఆయనకూ అభ్యంతరం లేదు.

√2 కరణీయమని బడిలో చెప్పే నిరూపణ కూడా ఈ దెబ్బకు పోతుందని చాలామంది పొరబడతారు. పోదు. అక్కడ నిరూపించేది ‘అకరణీయం కాదు’ అన్న ఒక్క నెగేషన్‌నే.

‘ప’ నుంచి దాని డబుల్ నెగేషన్‌కి వెళ్లడం వాళ్లకూ సమ్మతమే, తిరిగి రావడమే కుదరదు. అందుకే వాళ్ల పద్ధతిలో మూడు నెగేషన్లు ఒకటవుతాయి గానీ, రెండు నెగేషన్లు పూర్తిగా పోవు. మన న్యాయదర్శనంలోనూ (ప్రాచీన భారతీయ తర్కంలో) ఈ తగువు ఉంది. అభావానికి (లేకపోవడానికి) అభావం అంటే అసలు వస్తువే అన్నారు ప్రాచీనులు. అది వేరే అభావమే, అనవస్థ (అంతులేని గొలుసు) రాకుండా మూడో అభావం మొదటిదానితో సమానం అన్నది రఘునాథ శిరోమణి వంటి నవీనుల వాదం.