చాప్‌మన్ గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ మీద నువ్వు పంపిన రాతప్రతి చదివాను. గెలిచిన కప్పులన్నీ వరసపెట్టి చెప్పేశావు. పొద్దున ఆఫీసుకొచ్చి ఆయన ఏం పని చేసేవాడో మాత్రం ఎక్కడా దొరకలేదు. నాకు కావలసింది అదే.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో చాలా క్లబ్బుల్లో జట్టును ఎంపిక చేసేది డైరెక్టర్లే. మేనేజర్ ఉత్తరాలూ లెక్కలూ చూసుకోవాలి. యార్క్‌షైర్ బొగ్గుగని కార్మికుడి కొడుకు ఆ పెద్దమనుషుల దగ్గర్నుంచి జట్టు పగ్గాలు ఎలా తీసుకున్నాడు? కథ అక్కడుంది.

1925 అక్టోబరునే తీసుకో. ఆఫ్‌సైడ్ నిబంధన అప్పుడే మారింది. బంతి అందించే క్షణాన గోల్‌కూ, ముందున్న ఆటగాడికీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాల్సిన చోట ఇద్దరుంటే చాలన్నారు. న్యూకాసిల్ చేతిలో చాప్‌మన్ జట్టు ఆర్సెనల్ 7-0తో చిత్తయింది. మైదానం మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి, గోల్‌ను కాచే ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్యకు దించమని గట్టిగా అడిగింది చార్లీ బుకన్. ఆయన 2,000 పౌండ్లు, మొదటి సీజన్‌లో కొట్టే ఒక్కో గోలుకు మరో 100 అనే ఒప్పందంతో సండర్లాండ్ నుంచి తెచ్చుకున్న ఆటగాడు. చాప్‌మన్ ఆయన మాట విన్నాడు. రెండు రోజులకే వెస్ట్‌హామ్‌పై 4-0తో గెలిచారు. వాళ్లిద్దరి మధ్య జరిగిన ఆ చర్చకు కనీసం నాలుగు పేజీలివ్వు. బుకన్ పేరు దాచి ఘనతంతా చాప్‌మన్‌కే కట్టబెడితే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

1919ని ఒక్క వాక్యంలో దాటేశావు, అది నాకు నచ్చలేదు. యుద్ధకాలంలో ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బిచ్చారన్న ఆరోపణ వస్తే, చాప్‌మన్ అప్పటి క్లబ్బు లీడ్స్ సిటీ లెక్కల పుస్తకాలు ఇవ్వనంది. ఆ క్లబ్బును లీగ్ నుంచి గెంటేశారు. మెట్రోపోల్ హోటల్లో ఆటగాళ్లను వేలం వేశారు! చాప్‌మన్ మీదా నిషేధం పడింది. ఆ డబ్బు చెల్లించారన్న సమయంలో ఆయన బార్న్‌బో ఆయుధ కర్మాగారంలో పనిచేస్తున్నాడన్న వాదనతో తర్వాత ఎత్తేశారు. ఇందులో ఆయన్ని వెనకేసుకు రావద్దు, దోషినీ చేయొద్దు. రికార్డుల్లో ఉన్నది ఉన్నట్టు పెట్టు. కాగితం ఆధారం లేకుండా ఆయన మనసులో మాటలు మాత్రం రాయకు.

మరణం దగ్గర 'దీపం ఆరిపోయింది' అన్నావు. కొట్టెయ్. జలుబు చేసినా గిల్డ్‌ఫర్డ్ వెళ్లి ఆర్సెనల్ మూడో జట్టు ఆట చూశాడు, 1934 జనవరి 6న న్యుమోనియాతో పోయాడు. రేపటి ఆటగాళ్లను వెతికే పని ఆ జలుబులోనూ మానలేదని చెప్పు, చాలు.

ఆర్సెనల్‌కు ముందు వరసగా రెండు లీగ్ టైటిళ్లు తెచ్చిన హడర్స్‌ఫీల్డ్ క్లబ్బు రోజులు మళ్లీ రాసి పంపించు. తొందరేం లేదు.

ఆశీస్సులతో,
అన్నయ్య