నవాహో కంబళి కొనబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

సెలవుల్లో అరిజోనాలోని గనాడో, చిన్‌లీ వైపు వెళ్లి, మీ అమ్మ కోసం నవాహోలు అనే అమెరికా ఆదివాసులు నేసిన కంబళి కొనాలనుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. మగ్గం చప్పుడు వింటూ పెరిగిన ఇంటి పిల్లవు కనుక, రంగులూ బొమ్మలూ చూసే ముందు ఆ ఉన్ని ఇచ్చిన గొర్రెను గురించి తెలుసుకోమని నా మొదటి మాట.

తమను దినే అని చెప్పుకునే ఆ ప్రజలకు పూర్వం స్పెయిన్ వారి ద్వారా చేరిన చుర్రో గొర్రెకు పైన పొడవాటి బొచ్చు, అడుగున మెత్తని ఉన్ని ఉంటాయి. ఆ ఉన్నిలో జిడ్డు తక్కువ కనుక, నీటికి కటకటలాడే ఆ నేలలో కొద్దిపాటి నీళ్లతోనే శుభ్రపడుతుంది. గొర్రెను కోస్తే మాంసం పులుసుకు, నెత్తురూ పేగులూ వేరే వంటకాలకు, తోలు పడకకు పనికివస్తాయి. 1930లలో మేత ఎక్కువై నేల కోసుకుపోతోందన్న కారణంతో ప్రభుత్వం మందలను బలవంతంగా తగ్గించినప్పుడు, ఎన్నో గొర్రెలను యజమానుల కళ్లెదుటే కాల్చి చంపారు. 1970ల నాటికి చుర్రోలు 500 కూడా మిగలలేదు. 1977లో లైల్ మెక్‌నీల్ అనే ఆచార్యుడు వాటిని కాపాడే పని మొదలుపెట్టాడు. అందుచేత ఏ ముసలమ్మనైనా గొర్రెల గురించి అడిగేటప్పుడు నెమ్మదిగా అడుగు, ఆమె చెప్పినంత వరకే విను.

ఇక కంబళి సంగతి. నిలువు మగ్గం మీద పడుగును, అంటే నిలువు పోగులను, తెగకుండా ఒకే పోగుగా తిప్పి కడతారు కనుక, అసలైన దానికి సాధారణంగా కుచ్చులు ఉండవు, నాలుగు అంచులూ మూసుకుని ఉంటాయి. వేళ్లతో తడిమితే నేతలో అక్కడక్కడా సన్నని ఏటవాలు గీతలు తగులుతాయి. నేసే మనిషి ఒకవైపు కొంత మేర నేసి, తరువాత పక్కకు జరిగి మిగతాది నేసిన గుర్తులవి. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒక దుకాణంలో నవాహోదని చెప్పగా నమ్మి కొన్నదాని అంచు విప్పి చూస్తే ఉన్నికి బదులు నూలు పడుగు బయటపడింది. ఆ బొమ్మలను అనుకరించి మెక్సికోలోనూ, చెప్పుకోవడానికి బాధగా ఉన్నా మన దేశంలోనూ నేస్తున్నారు. అలాంటి వాటిని నవాహోల చేతిపని అని అమెరికాలో అమ్మడం 1990 నాటి చట్టం ప్రకారం నేరం.

వీలైతే నేసినవారి చేతి నుంచే కొను. ధర విని ఉలిక్కిపడవద్దు, సంతలోలాగా బేరమాడవద్దు. ఉన్ని కత్తిరించడం, ఏకడం, కదురును తొడమీద దొర్లిస్తూ వడకడం, రంగు వేయడం అన్నీ ముగిశాకే నేత మొదలవుతుంది. ఆ పని అమ్మమ్మ పక్కన కూర్చుని మనవరాలు నేర్చుకున్నది.

గద్ద ఈకలు ఎవరైనా అమ్మజూపితే ముట్టుకోవద్దు. అవి వారి పూజాద్రవ్యాలు, మనం దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం కూడా. కయోటీ అనే నక్కలాంటి జంతువు కథలు వారు చలికాలంలోనే చెప్పుకుంటారు, వేసవిలో అడగవద్దు.

కొన్న కంబళిని మడతపెడితే పోగులు నలుగుతాయి. గుండ్రంగా చుట్టి, పాత నూలు దుప్పటిలో పెట్టి తీసుకురా.

నీ పెద్దమ్మ