సగంలో ఆగిన గూడు

కవిమిత్రులకు నమస్కారం.

మీరు పంపిన పన్నెండు కవితలూ చదివాను. అమీన్‌పూర్ చెరువును చూసి రాసిన ‘తల్లి గూడు’ దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. అందులో తల్లి గిజిగాడు పుట్టబోయే పిల్లల కోసం గూడు అల్లుతుంది, మిణుగురును తెచ్చి దీపం పెట్టుకుంటుంది, చివర ‘ఓ మనిషీ!’ అని మనల్ని నిలదీస్తుంది. గూడు అల్లేది మగపక్షి అని మీకు ఎవరూ చెప్పలేదా?

వాన మొదలయ్యాక తల పసుపెక్కిన మగ గిజిగాడు గడ్డి ఆకు మొదట్లో కొరికి, ఆ కొస పట్టుకుని ఎగిరిపోతూ నిలువునా ఒక పోగు చీలుస్తాడు. అలాంటి పోగులతో టోపీ ఆకారం వచ్చేదాకా అల్లి, రెక్కలు ఆడిస్తూ ఆడపక్షిని పిలుస్తాడు. ఆమె లోపలికి వెళ్లి పరీక్షించి ఒప్పుకుంటేనే కింది గొట్టం పూర్తవుతుంది, లేకపోతే ఆ గూడు సగంలోనే వేలాడుతుంది. ఆమె గుడ్లు పొదుగుతుండగా ఆయన మరో గూడు మొదలుపెడతాడు. 1930 ప్రాంతంలో పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ మహారాష్ట్ర తీరంలోని కిహిమ్ అనే ఊళ్లో ఈ వ్యవహారాన్ని ఓపికగా చూసి రాసిపెట్టారు. ఆ వెంటనే, 1931లో, ఆయన మన హైదరాబాద్ రాజ్యపు పక్షుల సర్వే చేపట్టారు. మీరు కల్పించిన తల్లి కంటే ఆడపక్షి కాదన్న ఆ మగ గిజిగాడే గొప్ప కవితావస్తువు. మిణుగురు దీపం పెద్దలు చెప్పే ముచ్చట; గిజిగాడు గూటి లోపల తడిమట్టి మెత్తడం మాత్రం కళ్లారా చూడగలిగిన సంగతి.

హంస పాలనూ నీటినీ వేరుచేస్తుందని, చకోరం వెన్నెల తాగుతుందని పూర్వకవులు రాశారు కదా అంటారేమో. అవి కవిసమయాలని, అంటే నిజం కాకపోయినా కవులు ఆనవాయితీగా వాడుకునే కల్పనలని, రాసినవారికీ తెలుసు, విన్నవారికీ తెలుసు. మీది అటు కవిసమయమూ కాదు, ఇటు పరిశీలనా కాదు. ఈ మధ్య పర్యావరణ కవితా సంకలనాలన్నీ ఇలాగే ఉంటున్నాయి: చెట్టు ఏడుస్తుంది, ఏరు శపిస్తుంది, అది ఏ చెట్టో మాత్రం ఎవరూ చెప్పరు.

నా పాతికేళ్ల వయసులో మా వరండా మల్లెతీగలో పికిలిపిట్ట గూడు కడితే, రోజూ కుర్చీ వేసుకుని చూసి ఒక కవిత రాశాను. తోక కింది ఎర్రమచ్చ కోసమే నాలుగు పాదాలు కేటాయించాను. ఒక వారపత్రిక సంపాదకుడు, పాఠకులకు పికిలి తెలియదంటూ, దాని స్థానంలో కోయిలను కూర్చోబెట్టారు. జన్మలో గూడు కట్టని కోయిల, కాకి గూట్లో గుడ్లు పెట్టే కోయిల, నా పేరు కింద పుల్లలు ఏరుకుంటూ అచ్చయింది. ఆ ఎర్రమచ్చ కూడా దాని తోక కిందికే చేరింది. ఆయనకు రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు రాలేదు. ఇప్పటికీ కోయిల కూత వింటే ముందు ఆయనే గుర్తుకొస్తారు.

పచ్చిగడ్డి పోగు ఈతమట్ట అంచున ఇంకా వాడలేదని రాశారే, ఆ ఒక్క పాదం కోసమే ఈ ఉత్తరం. అది మీరు చూసి రాసినది. వచన కవితా, మాత్రాఛందస్సా, ముందుమాట ఎవరిచేత రాయించాలి అన్న మీ ప్రశ్నలను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. ఈ వానాకాలం పోకముందే మళ్లీ ఆ ఈతచెట్ల దగ్గరికి వెళ్లండి. తిరగరాసిన ప్రతి పంపేటప్పుడు, ఎన్ని గూళ్లు సగంలో ఆగాయో లెక్కపెట్టి వెనక పేజీలో రాయండి.