బయోటెక్నాలజీలో చేర్చే ముందు అమ్మాయిని ఒకసారి బ్లడ్ బ్యాంకుకు తీసుకెళ్ళండి

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బైపీసీ. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. మా బావమరిదికి బ్లడ్ క్యాన్సర్ వచ్చినప్పటి నుంచి కార్-టీ సెల్ థెరపీ గురించే చదువుతూ, బయోటెక్నాలజీ తీసుకుంటానంటోంది. అందులో ఉద్యోగాలుండవని అందరూ అంటున్నారు. మళ్ళీ లాంగ్ టర్మ్‌లో వేయమంటారా?"

వద్దు సార్. అమ్మాయి తనంతట తాను అడిగితే తప్ప మూడోసారి లాంగ్ టర్మ్ మాట ఎత్తకండి.

తను చదువుతున్నది గాలివాటం విషయం కాదు. ఈ కార్-టీ చికిత్సలో రోగి రక్తంలోంచి జబ్బులతో పోరాడే టీ కణాలను తీసి, హాని చేయకుండా మార్చిన వైరస్ ద్వారా వాటిలోకి ఒక జన్యువును పంపి, క్యాన్సర్ కణం మీదుండే సీడీ19 అనే గుర్తును పట్టుకునేలా తయారుచేసి, కోట్లలో పెంచి, మళ్ళీ అదే మనిషికి ఎక్కిస్తారు. పిల్లల్లో మొదటగా 2012లో అమెరికాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే చిన్నపాపకు ఇచ్చారు, ఆ పాప బతికింది. మన దగ్గర ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ళు కలిసి రూపొందించిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అమెరికాలో మందుకే మూడు కోట్లు దాటే చికిత్స ఇక్కడ 30, 40 లక్షల్లోకి వచ్చిందంటే అది ల్యాబుల్లో కూర్చున్న మన పిల్లల కష్టమే. అందరికీ పనిచేయదు, కొందరికి జబ్బు తిరగబెడుతుంది, అదీ తనకు తెలియాలి.

ఇక ఉద్యోగాలు. బీఎస్సీ బయోటెక్నాలజీ ఒక్కటీ చేసి ఆగిపోతే మీవాళ్ళు చెప్పిందే నిజం, చాలామంది పిల్లలు వేరే పనుల్లోకి వెళ్ళిపోవడం నేను చూశాను. ఎమ్మెస్సీ దాకా, పరిశోధన కావాలంటే పీహెచ్‌డీ దాకా చదివించే ఓపిక ఇంట్లో ఉంటేనే ఇటు రండి. జాతీయ స్థాయి పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్ సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 ఇస్తారు కాబట్టి పీహెచ్‌డీ భారం మీ మీద పడదు, కానీ ఆ పరీక్ష తేలిక కాదు. అంత దూరం వద్దనుకుంటే బీఫార్మసీ చేసి మందుల నాణ్యత చూసే క్వాలిటీ విభాగం వైపు వెళ్ళొచ్చు, లేదా ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చేసి బ్లడ్ బ్యాంకు వైపు. ఈ చికిత్సలో వాళ్ళు లేకుండా ఒక్క రోజు గడవదు. కణాల సంచి మీద లేబుల్ తప్పితే ఒకరి కణాలు ఇంకొకరికి వెళ్తాయి, అందుకే తీసిన క్షణం నుంచి ఎక్కించే దాకా ప్రతి చేతి మార్పూ రాసి సంతకం పెట్టాలి. దుమ్ము, క్రిములు చేరకుండా కణాలు పెంచే క్లీన్‌రూమ్‌లోకి కాటుకతో, గోళ్ళరంగుతో వెళ్ళనివ్వరు, తల నుంచి కాలి దాకా సూటు వేసుకుని గంటల తరబడి అదే పని చేయాలి. చదివి ముచ్చటపడిన పిల్లకు ఈ ఓపిక ఉందా అన్నదే నా అసలు ప్రశ్న.

బీటెక్ బయోటెక్నాలజీ అయితే ఎప్‌సెట్ బైపీసీ కౌన్సెలింగ్‌లో దొరుకుతుంది. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి వెళ్ళి ఫైనలియర్ పిల్లల్ని పక్కకు పిలిచి, సెల్ కల్చర్, అంటే ల్యాబులో కణాలు పెంచడం, మీ చేతులతో ఎన్నిసార్లు చేశారని అడగండి. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి నాలుగేళ్ళూ కణాలు పెంచే ఇంక్యుబేటర్‌ను అద్దాల తలుపు అవతల నుంచే చూసింది. ఆ కాలేజీలో చేరమన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ బాధ నాకింకా ఉంది.

ముందు ఒక పని చేయండి. డెంగ్యూ వచ్చినవాళ్ళకు ఒకే దాత నుంచి ప్లేట్‌లెట్లు తీసే మెషీన్ ఉంటుంది కదా, టీ కణాలను తీసేదీ ఆ తరహా మెషీన్‌తోనే. అది ఉన్న బ్లడ్ బ్యాంకులో అనుమతి అడిగి, అమ్మాయిని గంటన్నర అక్కడ కూర్చోబెట్టండి. రక్తం ఒక గొట్టంలో పోయి, కావలసింది సంచిలో మిగిలి, తక్కినది దాత ఒంట్లోకి తిరిగి వెళ్తుంటే, పక్కన టెక్నీషియన్ కళ్ళు మెషీన్ మీదా దాత మొహం మీదా ఎలా తిరుగుతాయో చూడనివ్వండి. ఆ రాత్రి తను ఏం మాట్లాడిందో నాకు రాయండి, ఏ కోర్సో అప్పుడు తేలుద్దాం.