కింగ్ జేమ్స్‌లో ఉన్న మాటలు తెలుగు బైబిల్లో ఎందుకు లేవు? డబ్లిన్ గ్రీకు ప్రతి గురించి నాకు తెలిసింది

మీరు అడిగింది ఇదీ. మొదటి యోహాను పత్రిక అయిదో అధ్యాయంలో కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్ ప్రకారం పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు: తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ. ఈ ముగ్గురూ ఒక్కటే. మన తెలుగు బైబిల్లో అక్కడ "సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, అనగా ఆత్మయు, నీళ్లును, రక్తమును" అని మాత్రమే ఉంది. మనవాళ్ళు త్రిత్వాన్ని చెప్పే మాటల్ని తీసేశారా? డబ్లిన్‌లో ఉన్న గ్రీకు చేతిరాత ప్రతిలో అవి ఉన్నాయట, నిజమేనా?

డబ్లిన్ ప్రతిలో ఆ మాటలు ఉన్నాయి. కానీ తెలుగు బైబిల్లోంచి ఎవరూ ఏమీ తీసేయలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్తాను.

నేను ఉద్యోగరీత్యా డబ్లిన్‌లో ఉంటున్నాను. ఇక్కడ మా తెలుగు ఫెలోషిప్‌లో ఒక పెద్దాయన సరిగ్గా ఇదే ప్రశ్న వేశారు. "బ్రదర్, మన ఊళ్ళో అయ్యగారు ఇంగ్లీషు బైబిల్ చూసి ఈ వాక్యం మీద గంటసేపు ప్రసంగం చేశారు. ఇంటికెళ్ళి తెలుగులో తెరిస్తే లేదు. మనల్ని ఎవరైనా మోసం చేశారా?" అన్నారు. ఆయన మొహంలో నిజంగా టెన్షన్ కనిపించింది. దేవుని వాక్యం మీద ప్రాణం పెట్టుకున్న మనిషికి అది చిన్న విషయం కాదు. అప్పటికి నేను ఆన్‌లైన్‌లో గ్రీకు నేర్చుకుంటున్నాను. ఆ ప్రతి ఉన్నది మా ఊళ్ళోనే, ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో. బుక్ ఆఫ్ కెల్స్ అనే పాత సువార్తల ప్రతి కోసం క్యూ కట్టే టూరిస్టులకి ఇలాంటిది ఒకటి ఉందని కూడా తెలియదు. లైబ్రరీవాళ్ళు నెట్‌లో పెట్టిన ఫోటోలు ముందేసుకుని కూర్చున్నాను.

దాని పేరు కోడెక్స్ మాంట్‌ఫోర్టియానస్. పండితులు కొత్త నిబంధన గ్రీకు ప్రతులకి వేసిన వరుసలో దాని నంబరు 61. తోలు మీద కాదు, కాగితం మీద రాశారు. 455 ఆకులు, పేజీ సుమారు 16 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు, అంటే చేతిలో పట్టే పుస్తకం. కొత్త నిబంధన మొత్తం ఉంది. థామస్ మాంట్‌ఫోర్ట్ అనే ఆయన దగ్గర కొంతకాలం ఉంది కాబట్టి ఆ పేరొచ్చింది. తర్వాత ఆర్చ్‌బిషప్ జేమ్స్ అషర్ చేతికొచ్చింది. సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని లెక్కగట్టిన అషర్ ఈయనే. ఆయన పోయాక 1661లో ఆయన గ్రంథాలతో పాటు ట్రినిటీకి చేరింది.

అసలు సంగతి దాని వయసులో ఉంది. పుస్తకం చూడ్డానికి పాతగా ఉంటుంది, అక్షరాలు మధ్యయుగపు గ్రీకు పద్ధతిలోనే ఉంటాయి. కానీ పండితులు దాన్ని 16వ శతాబ్దం మొదట్లో, సుమారు 1520 ప్రాంతంలో, ఇంగ్లండ్‌లో రాసిందిగా లెక్కగడతారు. ఆ సంవత్సరాలే కీలకం. డచ్చి పండితుడు ఎరాస్మస్ 1516లో గ్రీకు కొత్త నిబంధనని అచ్చువేశాడు, 1519లో రెండోసారి వేశాడు. ఆ రెండింట్లోనూ "తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ" లేదు, ఎందుకంటే తను చూసిన గ్రీకు ప్రతుల్లో ఎక్కడా లేదు. ఇంగ్లండ్ నుంచి ఎడ్వర్డ్ లీ, స్పెయిన్ నుంచి స్టునికా ఆయన మీద విరుచుకుపడ్డారు. త్రిత్వాన్ని కాదనే ఆరియన్లకి దారి తెరుస్తున్నావన్నారు. సరిగ్గా ఆ గొడవ నడుస్తుండగా ఇంగ్లండ్‌లో ఈ ప్రతి బయటపడింది. 1522లో వేసిన మూడో ముద్రణలో ఎరాస్మస్ ఆ మాటల్ని చేర్చాడు. తన మీద నింద వేయడానికి ఎవరికీ సందు దొరక్కూడదని చేర్చానని, ఈ ప్రతిని లాటిన్‌కి తగ్గట్టు సరిదిద్దారేమోనని అనుమానంగా ఉందని కూడా రాశాడు. అక్కణ్ణుంచి అవి 1550లో స్టెఫానస్ అనే ముద్రాపకుడు వేసిన గ్రీకు ముద్రణలోకి, 1611లో కింగ్ జేమ్స్‌లోకి వచ్చాయి.

(ఎరాస్మస్ "ఒక్క గ్రీకు ప్రతి చూపించండి, చేరుస్తాను" అని మాటిచ్చాడని ప్రసంగాల్లో వింటుంటాం. దానికి ఆధారం లేదని డచ్చి పండితుడు హెంక్ యాన్ డి యోంగే 1980లో చూపించాడు. దయచేసి ఆ కథ వాడకండి.)

ఇప్పుడు ఆ పేజీ దగ్గరికొద్దాం. ఈ ఒక్క చోటు కోసం జనం ఎంతగా తెరిచారంటే, పుస్తకం దానంతటదే మొదటి యోహాను అయిదో అధ్యాయం దగ్గర తెరుచుకుంటుందని బైబిల్ పండితుడు బ్రూస్ మెట్స్‌గర్ రాశాడు. నేను ఫోటోలో చూసింది చెప్తాను. మామూలు గ్రీకు ప్రతుల్లో ఆత్మ, నీళ్లు, రక్తం అనే మూడు మాటల ముందూ "తొ" అనే ఆర్టికల్ (ఇంగ్లీషులో "the" లాంటిది) విడివిడిగా ఉంటుంది. గ్రీకువాడి చెవికి అది ఉండాల్సిందే. ఈ ప్రతిలో ఒక్కచోట కూడా లేదు. "పతేర్, లోగోస్, కై న్యూమ హగియోన్" అని బోడిగా ఉంది. కింద ఆత్మ, నీళ్లు, రక్తం కూడా అలాగే. లాటిన్‌లో, మన తెలుగులో లాగే, ఆర్టికల్ అనేది లేదు. లాటిన్ పుస్తకం పక్కన పెట్టుకుని మాటకి మాట గ్రీకులోకి దించితే సరిగ్గా ఇలాగే వస్తుంది. దానికి కాస్త పైన ఇంకో గుర్తుంది. గ్రీకు ప్రతులు "ఆత్మ సత్యం" అనేచోట ఇది "క్రీస్తు సత్యం" అంటుంది. అది వల్గేట్ అనే లాటిన్ బైబిల్ పాఠం.

ఇవి రెండూ చూశాకే నాకు చాలావరకు తేలిపోయింది. కానీ నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం వేరే ఉంది. 1854లో ఓర్లాండో డాబిన్ ఈ ప్రతిని మిగతావాటితో పోల్చి చూశాడు. అపొస్తలుల కార్యాలు, పత్రికల భాగం ఆక్స్‌ఫర్డ్ లింకన్ కాలేజీకి చెందిన మరో గ్రీకు ప్రతి నుంచి వచ్చిందని తేలింది. దాని నంబరు 326, అది నిజంగా మధ్యయుగానిది. ఆ తల్లి ప్రతిలో "తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ" లేదు. తల్లిలో లేనిది పిల్లలోకొచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ఆర్టికల్స్ లేని గ్రీకే చెప్తోంది.

మరి ఇంతకన్నా పాత గ్రీకు ప్రతి ఒక్కటీ లేదా అంటే, వాటికన్‌లో 629 నంబరుది ఉంది. 1500కి ముందుదే. కానీ అది లాటిన్, గ్రీకు పక్కపక్క వరుసల్లో రాసిన ప్రతి, అందులోని గ్రీకు పక్కనున్న లాటిన్‌ని అనుసరించింది. ఇంకొన్నింటిలో ఆ మాటలు మార్జిన్లో తర్వాతి చేతులు రాసినవి. 4వ శతాబ్దపు సినాయ్ ప్రతిలో లేవు, అదే శతాబ్దపు కోడెక్స్ వాటికానస్ అనే మరో ప్రతిలోనూ లేవు.

ఆ మాటల పుట్టుక లాటిన్ సంఘంలో. 4వ శతాబ్దం చివర్లో స్పెయిన్‌కి చెందిన ప్రిస్కిలియన్ రాతల్లో మనకి మొదట స్పష్టంగా కనిపిస్తాయి. ఆత్మ, నీళ్లు, రక్తం అనే ముగ్గురు సాక్షుల్లో త్రిత్వాన్ని చూసి ఎవరో రాసుకున్న వివరణ క్రమంగా వాక్యంలో కలిసిపోయి ఉంటుందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. అందులో మోసం వెతకనక్కర్లేదు. 61 రాసిన ఆయన్ని కూడా దొంగ అనడానికి నాకు మనసొప్పదు. తన లాటిన్ బైబిల్లో చిన్నప్పట్నుంచీ చదివిన వాక్యం గ్రీకులో లేకపోతే పొరపాటున పోయిందనే అనుకుని ఉండొచ్చు.

మా పెద్దాయన ఇదంతా విని అడిగింది ఒక్కటే. "అయితే త్రిత్వానికి ఆధారం పోయినట్టేనా?" లేదండీ. 325లో నికయా సంఘ సభలో, ఆ తర్వాత దశాబ్దాల తరబడి, ఆరియన్లతో వాదించిన గ్రీకు సంఘ పితరులు ఈ వాక్యాన్ని ఒక్కసారి కూడా ఎత్తలేదు. చేతిలో ఉంటే మొదట ఎత్తేది దీన్నే. అయినా త్రిత్వాన్ని వాళ్ళే నిలబెట్టారు. మత్తయి 28:19లో "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి" అని ఉంది కదా, ఆ మాటలు మన తెలుగు బైబిల్లో పదిలంగా ఉన్నాయి.

మీ అయ్యగారితో మాట్లాడేటప్పుడు కింగ్ జేమ్స్ తప్పు అని మొదలుపెట్టకండి, మాట ముందుకెళ్ళదు. ట్రినిటీ లైబ్రరీ డిజిటల్ కలెక్షన్స్‌లో ఈ ప్రతి ఫోటోలు, సినాయ్ ప్రతి సొంత సైట్‌లో దాని ఫోటోలు ఉచితంగా చూడొచ్చు. రెండింట్లోనూ మొదటి యోహాను అయిదో అధ్యాయం తెరిచి పక్కపక్కన పెట్టి చూపించండి. గ్రీకు రాకపోయినా ఒకదాంట్లో రెండు మూడు వరుసలు ఎక్కువున్నాయని ఎవరికైనా తెలుస్తుంది. పేజీ దొరక్కపోతే కింద కామెంట్‌లో అడగండి, ఏ ఆకులో ఉందో చూసి చెప్తాను.